ఇద్దరికీ ఒకే మాత్ర

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. డ్రై క్లీనింగ్ షాపు భూతద్దం అంటే చాలు, అద్దెకు దిగి వారం కానివాళ్లు కూడా ఇల్లు చూపిస్తారు. కౌంటరు మీద పెద్ద లైటు, దాని కింద గుండ్రటి భూతద్దం, దాని వెనక నిండుగా, బరువుగా ఆవిడ. కోటు తెచ్చినవాడు మడత విప్పకముందే మరక ఎక్కడుందో ఆవిడకు తెలిసిపోయేది. ఇక మొదలు. ఇదేం మరక, ఎప్పుడు పడింది, ఇంట్లో ఏమైనా పూశారా, వేడినీళ్లు తగిలించారా? నూనె మరకకు స్పిరిటు, తుప్పు మరకకు నిమ్మ ఉప్పు, నెత్తురు మరకకు చన్నీళ్లు తప్ప మొదట మరేదీ తగలకూడదు. లిప్‌స్టిక్ మరకను ఎర్ర సిరా అని దబాయించబోయిన పెద్దమనిషి ఒకడు ఆ ప్రశ్నల ధాటికి తట్టుకోలేక కోటు అక్కడే వదిలేసి వెళ్లాడు. ఆ కోటు ఇప్పటికీ షాపులోనే ఉంది.

బట్టల విషయంలో ఆవిడ పొరబడటం అరుదు, ఆ మాట ఒప్పుకోవాలి. మామగారి దగ్గర నేర్చుకున్న విద్య అది. కోడలిగా వచ్చిన కొత్తలో ఆయన పక్కన నిలబడి చూసి చూసి, ఆయన పోయేనాటికి ఆయన్నే తప్పుపట్టేంత ఎదిగింది. మనుషుల విషయంలో మాత్రం ఆవిడకు ప్రశ్నలుండవు, జవాబులే ఉంటాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది చూపిస్తే, కుందేలును మార్చి తెచ్చారంటుంది.

కింద షాపు, పైన కాపురం. ఒకే వంటింట్లో రెండు సంసారాలు. ఆవిడ భర్త వెనక గదిలో మిషను దగ్గర ఉండేవాడు. మోతలో ఏమీ వినపడలేదని చెప్పుకునే సౌకర్యం కోసమే ఆయన ఆ పని ఎంచుకున్నాడని వీధిలో అనుకునేవారు. మరిది ఇస్త్రీ బల్ల దగ్గర. సన్నగా, పొడుగ్గా ఉంటాడు కాబట్టి అందరూ పుల్ల అనేవారు. అతని భార్య, అంటే ఆవిడ తోడికోడలు, బట్టలకు చీటీలు కట్టి, ఊడిన గుండీలు కుట్టి, మిగిలిన వేళంతా వంటింట్లో గడిపేది.

వదినకూ మరిదికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కారణం పాతదే. ఒకసారి అతను మరక పోని కోటుకు ఇస్త్రీ చేశాడు. వేడి తగిలితే మరక గుడ్డలో కూర్చుంటుంది, ఇక లేవదు. షాపు నిండా జనం ఉండగా ఆవిడ ఆ కోటు ఎత్తి పట్టుకుని, కళ్లు ఎక్కడ పెట్టుకుని చేశావని అడిగింది. చూసి, బాగుందని నా బల్ల మీదికి పంపింది నువ్వే కదా వదినా అని అతను అంతమంది ముందూ అన్నాడు. అన్నది నిజమే. అందుకే ఆవిడ క్షమించలేదు.

షుగరు ముందు ఆవిడకే వచ్చింది. వీధి చివరి డాక్టరు మాత్రలు రాసి, తిండి సగం చేయమన్నాడు, నడవమన్నాడు. ఆవిడ చేసింది. పట్టుబట్టి ఒక పని చేయడంలో ఆవిడకు ఎవరూ సాటిరారు. తీపి మానేసింది, అన్నం తగ్గించింది, పొద్దున్నే డాబా మీద ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. నెత్తురు పరీక్ష కాగితంలో అంకె దిగింది. ఆ దిగిన అంకెను వచ్చినవాళ్లందరికీ చెప్పింది. షుగరు అనేది రోగం కాదని, నోరు కట్టుకోలేనితనమని కూడా చెప్పింది. బట్టల కోసం వచ్చి ఉపదేశం మోసుకెళ్లినవాళ్లు ఆ వీధిలో చాలామందే ఉన్నారు.

తరవాత కొన్నాళ్లకు మరిదికి కూడా షుగరని తేలింది. నిజం చెప్పాలంటే ఆవిడకు లోలోపల సంతోషమే కలిగింది. పైకి అయ్యో అన్నది గానీ, చేతికి చిక్కాడన్న తృప్తి మొహంలో దాగలేదు. తానే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది, అతని బదులు తానే మాట్లాడింది. డాక్టరు తలెత్తకుండా ఆవిడకు రాసిన మాత్రలే అతనికీ రాశాడు. షుగరు షుగరే కదా! ఆవిడకు అది ఎంతో సబబుగా తోచింది. ఆవిడ బరువులో అతను సగం కూడా ఉండడు. చొక్కా వేసుకున్నా పక్కటెముకలు కనబడే మనిషి. ఆ తేడా డాక్టరు చూడలేదు, ఆవిడ చూసినా పట్టించుకోలేదు.

అప్పట్నుంచి ఇంట్లో ఒక పద్ధతి మొదలైంది. భోజనాల బల్ల దగ్గర ఆవిడ కత్తెరతో మాత్రల అట్ట కత్తిరించి, ఒకటి తన ముందు, ఒకటి అతని ముందు పెట్టేది. అతను మింగి, నోరు తెరిచి చూపించాకే గిన్నెల మూతలు తీసేది. ఆవిడ కంచంలో ఎంతో అతని కంచంలోనూ అంతే. నలభై దాటిన మగవాడు వదిన ముందు నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపిస్తుంటే తోడికోడలు తల దించుకునేది. అన్నగారు మంచినీళ్లు తాగేవాడు.

అంకె దిగలేదు. మళ్లీ పరీక్ష చేయిస్తే ఇంకా పెరిగింది. ఆవిడ ఆలోచించింది. ఆ మాత్రలు తనకు పనిచేశాయి, కాబట్టి తప్పు మాత్రలది కాదు. తిండి తన చేతిమీదుగానే పోతోంది, కాబట్టి తప్పు తిండిదీ కాదు. ఇక మిగిలింది ఒక్కటే, వెధవ చాటుగా తింటున్నాడు.

సాక్ష్యం కూడా దొరికింది. షాపు వెనక ఒక సందు ఉంది. అందులో మరుగుదొడ్డి, దానికి ఎదురుగా పక్క బేకరీ వెనక తలుపు. మరిది పని మధ్యలో ఇస్త్రీ పెట్టె పక్కనబెట్టి మాటిమాటికీ ఆ సందులోకి పోతున్నాడు. వచ్చి కూజా ఎత్తి గటగటా నీళ్లు తాగుతున్నాడు. మళ్లీ పోతున్నాడు. తీపి తిన్న నోటికి దాహం వేస్తుందని ఎవరికి తెలీదు? నెత్తుట్లో చక్కెర మితిమీరిన మనిషి ఒంటికి పోతూనే ఉంటాడని, పోయిన నీళ్లకే ఆ దాహమని, ఆ రెండూ రోగం మొరపెట్టుకోవడమేనని ఆవిడకు తట్టలేదు. ఆవిడకు బేకరీ తలుపు కనబడింది, అంతే.

బేకరీ అతన్ని నిలదీసింది. మా మరిదికి ఇంకోసారి కేకు ముక్క అమ్మావంటే నీ బట్టలు మా షాపు గడప తొక్కవంది. అతను బిత్తరపోయి, మీ మరిది నా దగ్గర ఏదీ కొన్న పాపాన పోలేదన్నాడు. ఆవిడ దాన్ని కూడా సాక్ష్యంలోనే వేసుకుంది. ఇద్దరూ కుమ్మక్కయ్యారన్నమాట. వంటింటి అలమరకు తాళం పడింది. సందులోంచి వచ్చిన ప్రతిసారీ అతని జేబులు చూసేది, వేళ్లు వాసన చూసేది. ఒకసారి ఉతకడానికి పడేసిన అతని చొక్కా జేబు తిరగేసి, చక్కెర పలుకు కోసం భూతద్దం కింద పెట్టింది. దారప్పోగులు తప్ప ఏమీ దొరకలేదు. ముదిరిన దొంగ అనుకుంది.

ఒకరోజు భోజనాల దగ్గర అతను ఎదురు తిరిగాడు.

"నేనేం తినటం లేదు వదినా. నువ్వు పెట్టిందే తింటున్నా. ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి."

"తిననివాడికి షుగరెందుకు పెరుగుతుంది? గాలి పీల్చా?"

"నాకేం తెలుసు? నన్నోసారి డాక్టరుతో మాట్లాడనీ."

"ఏం మాట్లాడతావు? ఇంట్లో ఆడిన అబద్ధాలు చాల్లేదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటున్నాడని ఆవిడ భర్తతో అంది. భర్త ఆ రోజు కూడా మంచినీళ్లే తాగాడు.

డాక్టరు దగ్గరికి ఆవిడే వెళ్లేది, కాగితాలు పట్టుకుని. తింటున్నాడు డాక్టరుగారూ, ఎంత చెప్పినా చెవికెక్కదు అనేది. అయితే మాత్ర పెంచుదాం అనేవాడు ఆయన. మనిషిని తీసుకురమ్మని ఒక్కసారి అన్న పాపాన పోలేదు. అదే మందు ఇంకొంచెం, ఆ తరవాత ఇంకొంచెం. ఇంటికొచ్చి ఆవిడ అతని కంచంలో మరికాస్త తగ్గించేది. మనిషి ఎండిపోతున్నాడు. తోడికోడలు అతని ప్యాంట్ల నడుము పట్టి కుట్టింది, మళ్లీ విప్పి ఇంకా లోపలికి కుట్టింది. ఇలాగే సాగితే మనిషి దక్కడని ఆ పిల్లకు భయం పట్టుకుంది. ఈయన్ని వేరే డాక్టరుకి చూపిద్దాం అక్కా అని నసిగింది. వేరే డాక్టరు దగ్గరికెళ్తే మీ ఆయనకి వేరే నాలుక మొలుస్తుందా అని అడిగింది ఆవిడ.

చివరికి ఆ పిల్ల తెగించింది. తన వంతు రొట్టెలు గుడ్డలో చుట్టి ఇస్త్రీ బల్ల కింద దాచడం మొదలుపెట్టింది. అది ఎన్నాళ్లో సాగలేదు. దుప్పట్ల మూట కోసం వంగిన ఆవిడ చేతికి ఈ మూట తగిలింది. రొట్టెల్ని తీసుకెళ్లి కౌంటరు మీద, ఆ పెద్ద లైటు కింద పరిచింది. మొగుణ్ణి పిలిచింది, మరిదిని పిలిచింది, తోడికోడల్ని పిలిచింది, పరదాలు తీసుకెళ్లడానికి వచ్చిన ఒక టీచరమ్మను కూడా ఆగమంది. ఇన్నాళ్లకు దొంగ దొరికాడని చెప్పింది. మొహం వెలిగిపోయింది. మాడుతున్న కడుపు దగ్గరి రొట్టె లాక్కుని అంత సంబరపడ్డ మనిషిని ఆ టీచరమ్మ ఎక్కడా చూసి ఉండదు. పరదాలు తీసుకుని వెళ్లిపోయింది, మళ్లీ ఆ షాపుకు రాలేదు.

మరిది ఆ రోజు వాదించలేదు. ఒప్పుకున్నాడని ఆవిడ అర్థం చేసుకుంది. అప్పటికే అతని కళ్ల ముందు నల్లచుక్కలు ఈదుతున్నాయని, చెబితే అదీ ఒక నేరం కింద జమ అవుతుందని నోరు మూసుకున్నాడని ఆవిడకు చాలా తరవాత తెలిసింది.

తరవాత ఒక కాలరు మాడింది. హోటలువాళ్ల యూనిఫారం, తెల్లటిది. మాడు వాసన కౌంటరు దాకా వచ్చింది. ఆవిడ అరుచుకుంటూ వెళ్లేసరికి అతను బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దపెద్దగా ఊపిరి తీస్తున్నాడు, పరుగెత్తి వచ్చినవాడిలా. ఆ ఊపిరిలో మగ్గిపోయిన పళ్ల వాసన. ఆవిడకు ఇంకేం కావాలి? ఇదిగో, ఇప్పుడు కూడా పళ్లు మెక్కి వచ్చాడు, రండి, వచ్చి వాసన చూడండి అని మొగుణ్ణి కేకేసింది. ఆయన వచ్చేలోగా అతను వాంతి చేసుకుని బట్టల కుప్ప మీద కూలిపోయాడు.

ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ వయసులో చిన్నది. చిన్నదనే ఆవిడకు లోకువ. మంచం పక్కనే నిలబడి తన పాఠం మొదలుపెట్టింది. తీపి పిచ్చి, దొంగతిండి, తిన్న పళ్ల వాసన ఇంకా నోట్లోనే ఉంది చూసుకోండి. అది పళ్ల వాసన కాదని, ఇన్సులిన్ చాలక ఒళ్లు తన కొవ్వును తానే కాల్చుకుంటుంటే వచ్చే వాసనని డాక్టరమ్మ చెప్పింది. ఇన్సులిన్, సెలైను ఎక్కించింది. మనిషి తేరుకున్నాక ఆవిడను పక్కకు జరగమని, అతన్నే అడిగింది. ఎప్పట్నుంచి చిక్కుతున్నారు, ఎంత దాహం వేసేది, చూపు ఎలా ఉంది, ఏం తినేవారు? అతను ఒక్కొక్కటే మెల్లగా చెప్పుకుంటూ వచ్చాడు. ఆఖర్న, "నేను చాటుగా ఏమీ తినలేదండీ" అన్నాడు.

"తెలుసు" అంది డాక్టరమ్మ.

అతను గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆ ఏడుపు చూస్తే ఆవిడకు చిరాకేసింది. దాని అడుగున కొంచెం భయం కూడా వేసింది, దాన్ని ఆవిడ లెక్కచేయలేదు.

పరీక్షలు చేశారు. ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది అందులో ఒకటి. చిన్నపిల్లలకు వచ్చే రకమేమోనని కూడా చూశారు, అది కాదని తేలింది. కాగితాలు వచ్చాక డాక్టరమ్మ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టింది. ఆవిడ ఆగలేకపోయింది. అవే మాత్రలు తనకు దివ్యంగా పనిచేశాయని, ఇతని ఒంటికి ఏం మాయరోగమని అడిగింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం చూడండి, మీ షుగరు అలాంటిది" అంది డాక్టరమ్మ. "మీ ఒంట్లో ఇన్సులిన్‌కి లోటుండదు, ఒళ్లే దాని మాట వినదు. ఆ మాత్రలు ఆ చెవుడికి మందు. ఈయనకి చెవులు బాగానే ఉన్నాయి, శంఖం ఊదేవాడే లేడు. చెవుడు మందు ఎంత పెంచితే మాత్రం ఏం లాభం? తిండి తగ్గించడం మీకు మేలు చేసింది. ఈయన్ని ఎండగట్టింది. పేరొకటే గానీ, మీ ఇద్దరిదీ ఒక రోగం కాదు."

ఇక ఇన్సులిన్ సూదే దారి అనగానే ఆవిడ లేచి నిలబడింది. సూది ఆఖరి మెట్టని, అక్కడిదాకా వెళ్లినవాడు బతికి బట్టకట్టడని, మా మనిషిని చంపాలని చూస్తున్నారా అని గొంతు పెంచింది. పక్క మంచాలవాళ్లు తిరిగి చూశారు. మాట్లాడింది మాత్రం ఎవరూ అనుకోని మనిషి.

"సూది నేను వేస్తానక్కా" అంది తోడికోడలు. "నీ కత్తెర నీ దగ్గరే పెట్టుకో. ఇక మా ఆయన కంచం జోలికి రాకు."

ఆసుపత్రిలో మిషను మోత లేదు కాబట్టి అన్నగారికి ఆ మాట వినక తప్పలేదు. తల దించుకుని, కానీమ్మా అన్నాడు. ఆవిడ మొగుడి వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే మాడి మసైపోయేవారు.

సూది మొదలయ్యాక అంకె దిగింది. చెంపలు నిండాయి. సందులోకి పరుగులు తగ్గాయి. ప్యాంట్ల నడుములు విప్పి మళ్లీ వదులు చేయాల్సి వచ్చింది. కన్ను మాత్రం తిరిగి రాలేదు. చిక్కిపోయేవాళ్లకొచ్చే ఈ రకం షుగరు ముందుగా కళ్లమీదే పడుతుందట. ఎడమకంటి లోపల నెత్తురు చిమ్మి, పొర కట్టి, చూపు పోయింది. కుడికన్ను లేజరు పెట్టి నిలబెట్టారు. కొన్నాళ్లు ముందు వచ్చి ఉంటే రెండూ దక్కేవని కంటి డాక్టరు అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ అక్కడే ఉంది.

తప్పు ఒప్పుకుందా? అలా అయితే ఆవిడ ఆవిడెందుకవుతుంది? నాకేం కలొచ్చిందా, డాక్టరు చెప్పిందే చేశాను, మంచికి పోతే చెడు ఎదురైందని కౌంటరు దగ్గర చెప్పుకుంది. విన్నవాళ్లు చీటీ తీసుకుని గబగబా బయటపడేవారు. పైన తోడికోడలు పొయ్యి వేరు పెట్టుకుంది. మధ్యలో ఒక పరదా కట్టి, అటు వండుకుని అటే తినేవారు. అటునుంచి కంచం చప్పుడు వినిపించినప్పుడల్లా ఆవిడకు ముద్ద దిగేది కాదు. ఎంత తింటున్నాడో చూడాలని మనసు పీకేది. చూసే హక్కు పోయింది.

ఆసుపత్రిలో అందర్నీ కూర్చోబెట్టిన రోజే డాక్టరమ్మ ఆవిడను ఇంకో మాట అడిగింది. మీ రకం షుగరుకు కిడ్నీలు జాగ్రత్తగా చూసుకోవాలి, ఎప్పుడైనా మూత్రం పరీక్ష చేయించారా? ఆవిడ తన అంకె ఉన్న కాగితం ముందుకు తోసింది. అంకె బాగున్నంత మాత్రాన సరిపోదంది డాక్టరమ్మ. సరిపోదా? ఆ మాట ఆవిడను ముల్లులా గుచ్చుతూనే ఉంది. నిన్నగాక మొన్న పుట్టిన ఆ పిల్లది తప్పని తేల్చడానికే ఒకరోజు వెళ్లి పరీక్ష చేయించుకుంది. తేలింది వేరు. కిడ్నీలు దెబ్బతిని మాంసకృత్తులు మూత్రంలో కారిపోతున్నాయి. చాలాకాలంగా జరుగుతున్నట్టుందన్నారు. ఆ మాత్రలు ఒక్కటే చాలవు, కిడ్నీల్ని కాచే మందు ఇంకొకటి కావాలి. ఉన్నది నిలుపుకోవచ్చేమో గానీ, పోయింది రాదన్నారు.

కాగితం పట్టుకుని షాపుకు వచ్చింది. కౌంటరు దగ్గర ఆగలేదు, వెనక గదిలో మొగుడి దగ్గరికి వెళ్లలేదు. నేరుగా ఇస్త్రీ బల్ల దగ్గరికి పోయి నిలబడింది. ఎందుకు అక్కడికే పోయిందో ఆవిడకే తెలీదు. మరిది ఒక చొక్కా కాలరును కుడికంటికి దగ్గరగా పట్టుకుని చూసుకుంటున్నాడు.

"కిడ్నీలు పాడయ్యాయట" అంది. "నేనేం చేశాను? తీపి ముట్టలేదు. అన్నం సగమే తిన్నా. ఒక్క మాత్ర మానలేదు. అన్నీ చెప్పినట్టే చేశా. నువ్వు చూశావు కదా."

 ఆవిడ ఒకరిని సాక్ష్యం అడగడం ఆ షాపు గోడలు కూడా విని ఉండవు. అతను ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. ఎడమవైపు నిలబడ్డ మనిషిని చూడాలంటే ఇప్పుడు అతను తల పూర్తిగా తిప్పాలి. తిప్పాడు.

"చూశాను" అన్నాడు. "నువ్వు చాటుగా ఏమీ తినలేదు, నాకు తెలుసు. ఈ ముక్క నువ్వు నా గురించి అని ఉంటే నాకీ కన్ను ఉండేది."

 ఆవిడ కాగితాన్ని మడిచింది, విప్పింది. అతను మళ్లీ చొక్కా అందుకున్నాడు.

"పక్కకి జరుగు వదినా. వెలుతురుకి అడ్డంగా ఉన్నావు."

ఆవిడ జరిగింది.